ఐదో దారి పలక

గొలుసు సగం శుభ్రమైంది. సైకిల్‌ను తలకిందులు చేసి, సీటునూ హ్యాండిల్‌నూ నేలకు ఆనించి, ఒక చేత్తో పెడల్ తిప్పుతూ రెండో చేత్తో పాత చొక్కా గుడ్డను గొలుసుకు అదిమి పట్టింది గువ్వ. కంకర దారుల మీద తిరిగొచ్చిన సైకిల్‌కు రోజూ జరగాల్సిన సేవ ఇది. బురద తడిగా ఉండగానే తుడిచెయ్యాలి. ఆరిందంటే లింకుల మధ్య రాయిలా బిగుసుకుంటుంది. మర్నాడు ఎక్కుడులో, సరిగ్గా ఊపిరి అందని చోట, గొలుసు జారుతుంది. ఈ సంగతి ఆమె తొమ్మిదో ఏటనే నేర్చుకుంది. నేర్పింది నాన్న. ఇవాళ చెయ్యి తన పని తాను చేసుకుపోతోంది గానీ మనసు అక్కడ లేదు. గుడ్డ తుడిచిన లింకునే మళ్లీ మళ్లీ తుడుస్తోంది.

పెరటి షెడ్డులో, గోడ వారన, గోనెసంచి కింద ఐదో దారి పలక ఉంది.

ఆ పలక ఆమె చేతికి వచ్చిన చోటే పోయిన వారం మనం ఆగిపోయాం. ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ల కోసం వెనకటి సంగతి నాలుగు మాటల్లో చెప్పుకుందాం.

వీళ్లది రక్షిత అడవి అంచున, కొండ మొదట్లో ఉన్న అటవీశాఖ ఉద్యోగుల ఇల్లు. ఒకప్పుడు దుంగల బళ్లు తిరిగి, తర్వాత ఎవరికీ పట్టక ముళ్లు మొలిచిన బాటల్ని నాన్న ఒక గునపం, ఒక సైకిల్ పెట్టుకుని ముప్పై ఏళ్లలో ఏడు కంకర దారులు చేశాడు. సెలవు రోజుల్లో పట్నం నుంచి లావు టైర్ల సైకిళ్లతో జనం దిగుతారు. ఒక్కొక్క దారి ఒక్కొక్క తీరు. ఒకటో దారి పిల్లలూ తొక్కగలరు. ఐదో దారి మాత్రం గొంతు ఎండించి, తొడలు వణికించి, శిఖరం మీద నిలబెట్టి, ఆ తర్వాత ఒక్కసారిగా కిందికి జారవిడుస్తుంది.

ప్రతి దారి మొదట్లో ఇనుప స్తంభం, దానికి బైండింగ్ వైరుతో కట్టిన ఒక రేకు పలక ఉంటాయి. పలక ఒకవైపు తెలుపు, ఒకవైపు ఎరుపు. తెలుపు కనిపిస్తే వెళ్లొచ్చు. ఎరుపు కనిపిస్తే వెళ్లకూడదు. వాన పడితే అన్నీ ఎరుపే. మళ్లీ తెలుపు తిప్పాలంటే, తిప్పే మనిషి ఆ ఉదయమే ఆ దారంతా తన సైకిల్ మీద తిరిగి ఉండాలి. దారి అడుగున నీళ్లు పోయే ప్రతి తూము దగ్గరా దిగి, మోకాళ్ల మీద వంగి, లోపలికి చూసి ఉండాలి. పైన కంకర చెక్కు చెదరకుండా కనిపిస్తున్నా కింద మట్టి కొట్టుకుపోయి ఉండొచ్చు. "పైనుంచి చూస్తే అన్ని దారులూ బుద్ధిమంతుల్లాగే ఉంటాయి. తూము కడుపులోకి చూస్తేనే గుట్టు తెలుస్తుంది" అనేవాడు నాన్న. పలక తిప్పే హక్కు ఇద్దరికే ఉంది. ఒకరు నాన్న, రెండో మనిషి ఆయనకు సాయంగా పనిలో చేరిన గువ్వ.

ఇరవై రెండు రోజుల కింద, మూడు రోజుల ముసురు తెరిపిచ్చిన ఉదయం, ఐదో దారి పలక తెల్లగా ఉంది. పన్నెండు మంది ఎక్కారు. అందరికంటే ముందు వెళ్లినవాడు వదిన తమ్ముడు. బడిలో పిల్లలకు ఆటలు నేర్పే మనిషి, ఇంట్లో కూర్చున్నా కాలు కుదురుగా ఉండని మనిషి. శిఖరం దాటాక, దిగుడులో, మూడో తూము మీద కంకర అతన్ని సైకిల్‌తో సహా మింగేసింది. ప్రాణం దక్కింది. నడుము కింద స్పర్శ మాత్రం ఇంకా రాలేదు. వస్తుందని డాక్టర్లు చెప్పడమూ లేదు.

"పలక తిప్పింది నేనే. తూము చూడలేదు" అన్నాడు నాన్న విచారణలో. అంతకు మించి ఒక్క మాట అనలేదు.

మాటకు ముందూ వెనకా గొంతు సవరించుకునే విచారణాధికారి గువ్వను కూడా పిలిచాడు. మీ నాన్నగారు తూములు చూడకుండా వెళ్లడం మీరెప్పుడైనా గమనించారా అని అడిగాడు. గమనించాను అంది గువ్వ. నిజమే చెప్పింది. రెండో దారిలో తన కళ్ల ముందే నాన్న రెండు తూములు దిగకుండా దాటేశాడు. అదీ ప్రమాదం జరిగిన మూడో రోజున. ఒక మనిషి నడుము విరిగాక కూడా ఈయన దిగడం లేదే అని ఆ రోజు ఆమె మనసు విరిగింది. అప్పటి నుంచి అవసరానికి తప్ప నాన్నతో మాట్లాడలేదు. నాన్న ఉద్యోగం పోయింది. నెలాఖరుకు ఇల్లు ఖాళీ చెయ్యాలి. ఆ కుర్చీలో తాత్కాలికంగా గువ్వను కూర్చోబెట్టారు. రేపు పది గంటలకు నాన్న ఆఫీసుకు వెళ్లి, తప్పు తనదేనని రాసిన కాగితం మీద ఆఖరి సంతకం పెట్టాలి. పెడితే ఇక ఆ మాటకు తిరుగులేదు.

ఇవాళ పొద్దున ఆఫీసు పెద్దసారు ఐదో దారి పలకను గువ్వ చేతిలో పెట్టి, "రంగు వేసి మళ్లీ కట్టెయ్యమ్మా, విచారణ అయిపోయిందిగా" అన్నాడు. పలక చెవికి తెగిన బైండింగ్ వైరు ముక్క ఇంకా వేలాడుతోంది. విచారణకు వచ్చినవాళ్లంతా పలక రంగు చూశారు. ఫొటోలు తీశారు. తీగను ఎవరూ చూడలేదు.

గువ్వ చూసింది.

*

మధ్యాహ్నం భోజనానికి అన్నయ్య వచ్చిన చప్పుడు పెరటి గుమ్మం దాకా వినిపించింది. అడవి గేటు దగ్గర సైకిళ్లు అద్దెకిచ్చే షాపు అతనిది. గుంపులు వస్తే దారి చూపించే మనుషుల్ని కూడా తనే కుదురుస్తాడు. గట్టిగా నవ్వడం, గట్టిగా మాట్లాడటం, చేతిలో ఎప్పుడూ ఒక పానా. గువ్వకు వాళ్లమ్మ నోరు, వాడికి ఊళ్లోవాళ్లందరి నోరూ వచ్చిందని చుట్టాల్లో ఒక మాట.

"ఏంటే, గొలుసుకి తలంటా?" అన్నాడు చెప్పులు విడుస్తూ. "షాపులో ఇరవై సైకిళ్లున్నాయి. వాటికీ కాస్త ఒళ్లు రుద్దిపెట్టు, పుణ్యముంటుంది."

గువ్వ పెడల్ తిప్పడం ఆపలేదు.

"ఉద్యోగం వచ్చాక పలకడం కూడా మానేశావా? ఆఫీసులో నోటికి తాళం వేసి పంపిస్తున్నారా ఏం?"

"వదిన ఏది?"

"ఆస్పత్రిలోనే. సాయంత్రం గానీ రాదు. మనకే వడ్డించుకునే యోగం. రా, ఆకలేస్తోంది."

"షెడ్డులోకి ఒకసారి రా అన్నయ్యా."

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే అతను ఏదో ఒక జోకు వేసి లోపలికి పోయేవాడు. పెంచకపోవడం వల్లనే వెనకే వచ్చాడు. గువ్వ గోనెసంచి తీసింది. పలకను చూసి అతను ఆగిపోయాడు. ఆగింది ఒక్క క్షణమే.

"ఇదెక్కడిది నీకు?"

"పెద్దసారు ఇచ్చారు. రంగు వెయ్యమన్నారు."

"అయితే వెయ్యి. నాకెందుకు చూపించడం?"

"తీగ చూడు."

"తీగకేమైంది?"

"నాన్నది ఎడమచేతి వాటం. ప్లయర్స్ ఎప్పుడూ ఎడమ చేత్తోనే పడతాడు, మెలిక ఎడమకే తిరుగుతుంది. నాకు ఆయనే నేర్పాడు. ఆయన తిప్పినట్టే తిప్పకపోతే విప్పించి మళ్లీ కట్టించేవాడు, అందుకే నాదీ ఎడమకే. ఏడు దారుల్లో ఏ పలకైనా వెళ్లి చూడు. ఇది కుడికి తిరిగింది."

అన్నయ్య నవ్వాడు. ఆ నవ్వు పెదాల దగ్గరే చతికిలబడింది.

"ఓహో! తీగ మెలికలకు జాతకాలు చెబుతున్నావన్నమాట. ఊళ్లో కుడిచేతివాటం వాళ్లు ఎంతమంది లేరు? తీగ మీద పేరు రాసి ఉందా?"

"ఉంది" అంది గువ్వ.

షెడ్డు చివర అద్దెషాపు సైకిల్ ఒకటి బాగుచెయ్యడానికి తెచ్చి పెట్టి ఉంది. ముందు బుట్టను చువ్వలకు తీగతో కట్టి ఉంది. గువ్వ పలకను తీసుకెళ్లి దాని పక్కన పెట్టింది. రెంటికీ కుడికి మూడు మెలికలు. రెంటికీ తీగ కొస లోపలికి వంచి, మెలిక కిందకు దూర్చి ఉంది. నాన్న అలా చెయ్యడు. కొసను మొదలంటా కత్తిరిస్తాడు. కొస వంచి దాచేది ఒక్క అన్నయ్యే. అద్దెకు తీసుకున్నవాళ్ల బట్టలు తీగ మొనకు చిరిగితే గొడవకొస్తారని షాపు పెట్టిన కొత్తలో అలవాటు చేసుకున్నాడు. ఏం కట్టినా చెయ్యి దానంతట అదే అలా వంచేస్తుంది. దొంగతనానికి వెళ్లి సంతకం పెట్టి వచ్చినట్టుంది.

అన్నయ్య బుట్ట వైపు చూశాడు. పలక వైపు చూశాడు. చేతిలోని పానాను కిందపెట్టడానికి చోటు దొరకనట్టు అటూ ఇటూ చూసి, జేబులో పెట్టుకోబోయి, అది పట్టక, చివరికి పట్టుకునే నిలబడ్డాడు.

"నాన్నకి చెప్పావా?" అన్నాడు.

కాదనలేదు. నేనెందుకు తిప్పుతానని అరవలేదు. నాన్నకి చెప్పావా అన్నాడు. పొద్దుటి నుంచీ ఆమె లోపల ఎక్కడో, వాడు అరుస్తాడు, నా అనుమానం తప్పని తిడతాడు అని ఎదురుచూస్తూనే ఉంది.

"నాన్నకి తెలియదా?" అంది.

అన్నయ్య తల దించుకున్నాడు.

"ఆ రోజు అందరికంటే ముందు పైకి పరిగెత్తింది ఆయనే కదా. పలక దగ్గర ఒక్క నిమిషం ఆగాడు. తీగను చేత్తో పట్టుకుని చూశాడు. నా మొహం చూశాడు. ఏమీ అనలేదు."

"ఎందుకు తిప్పావు?"

"ఎందుకేమిటే! నువ్వు ఏడో దారిలో ఉన్నావు. ఆయన రెండో దారిలో. కొండలో ఫోన్లు అందవు. ఏడున్నరకల్లా గుంపు దిగింది. బిగుతు బట్టలు వేసుకుని, టోపీలు పెట్టుకుని, మేం వచ్చింది నీ షాపు చూడ్డానికా అని ఒకటే ఎత్తిపొడుపు. నేను ఊరికే తిప్పలేదు గువ్వా. రెండు తూముల దాకా వెళ్లి చూశాను. దిగి చూశాను. రెండూ గట్టిగా ఉన్నాయి. మూడోది శిఖరం అవతల. అక్కడిదాకా పోయి రావాలంటే ఇంకో గంట. రెండు బాగున్నాక మూడోదానికి మాత్రం ఏం రోగం అనుకున్నాను."

"మరి వదిన తమ్ముణ్ణి ముందు ఎందుకు పంపావు?"

ఇరవై రెండు రోజులుగా ఎవరూ అడగని ప్రశ్న అది. అతను మాత్రం రోజూ లోలోపల వింటున్న ప్రశ్న.

"పంపలేదు. నేనే ముందు పోతానన్నాడు. ఎక్కేముందు అడిగాడు." గొంతు కీచుగా వచ్చింది. "బావా, దారంతా చూశావా అన్నాడు. చూశాన్రా, పద అన్నాను."

గువ్వ సైకిల్ బుట్టను పట్టుకుంది.

"వాడికి ఆ మాట గుర్తుందా?"

"తెలివి వచ్చాక అడిగాను. కొండ ఎక్కడం కూడా గుర్తులేదట."

"అందుకని ఊరుకున్నావు."

"నేను చెబుదామనే..."

"వదిన నాన్నని ఏమేం అందో నీకు గుర్తుందా? మా తమ్ముడి కాళ్లు తిన్న మనిషి అంది. ఆయన ముట్టుకున్న గ్లాసు వేరే పెట్టింది. నాన్న వరండాలో ఒక్కడే కూర్చుని తింటుంటే, నువ్వు లోపల బల్ల దగ్గర ఆవిడ పక్కనే కూర్చుని తిన్నావు. ఇంకాస్త కూర వెయ్యమని అడిగావు కూడా. నేను అక్కడే ఉన్నాను."

కొట్టినా అతనికి అంత తగిలేది కాదు. తగిలిన మనిషి ఊరుకోడు. చేతికందింది విసురుతాడు.

"మహా సత్యవంతురాలివి బయల్దేరావు! విచారణలో నాన్న తూములు చూడని సంగతి చెప్పింది నేనా? నా నోటి నుంచి ఆయన పేరు కూడా రాలేదు. నేను నోరు మూసుకున్నాను, అంతే. ఆయన మీద బండరాయి ఎత్తి వేసింది నువ్వు. ఆ రాయెక్కి ఆయన కుర్చీలో కూర్చుంది కూడా నువ్వే!"

"చాలు."

గుమ్మంలో నాన్న నిలబడి ఉన్నాడు. ఇల్లు ఖాళీ చెయ్యడానికి ముందు గదిలో సామాను సర్దుకుంటున్నట్టున్నాడు. చంకలో చుట్టిన పాత పటాలు, చేతిలో తాడు. ఏడు దారులకూ చేత్తో గీసిన మొదటి పటాలు అవి. ఇప్పుడు అందరూ ఫోన్లలో చూసుకుని వెళ్లే గీతలన్నీ వాటిలోంచి పుట్టినవే.

"వాణ్ణి వదిలెయ్ గువ్వా."

ఎన్నాళ్లకో నాన్న పిలిచిన పేరు. ఇంకెప్పుడైనా అయితే ఏడుపొచ్చేది. ఇప్పుడు రాలేదు.

"నీకు మొదటి రోజు నుంచీ తెలుసు."

"తీగ పట్టుకుంటే తెలియదా? ముప్పై ఏళ్లు తీగలు కట్టిన చేతులు ఇవి."

"మరి ఎందుకు నాన్నా?"

నాన్న పటాల్ని షెడ్డు బల్ల మీద పెట్టి, తాడు చుట్టటం మొదలుపెట్టాడు. ఏదైనా కష్టమైన మాట చెప్పాలంటే ఆయన చేతులకు పని కావాలి.

"కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుందంటారు. నాకు ఇంకా ఆరు నెలలే ఉద్యోగం ఉంది. పోతే పోయింది. ఉద్యోగి తప్పు చేస్తే ఉద్యోగంతో పోతుంది. బయటివాడు పలక తిప్పితే అది నేరం. వీడు జైలుకి పోతాడు. షాపు మూతపడుతుంది. అవన్నీ ఒక ఎత్తు. తమ్ముణ్ణి మంచాన పడేసింది మొగుడే అని తెలిశాక ఆ పిల్ల ఈ ఇంట్లో ఏ గదిలో పడుకుంటుంది చెప్పు? నేనయితే మావగారిని. ముసలాణ్ణి. తిట్టుకుంటుంది, శాపాలు పెడుతుంది, కడుపు ఖాళీ చేసుకుంటుంది. కోపం పెట్టుకోవడానికి ఒక మనిషి కావాలి కదా. నేనున్నాను."

"నాకైనా చెప్పకూడదా?"

"నీకు చెబితే విచారణలో నువ్వు అబద్ధం ఆడాలి. నీకు అబద్ధం రాదు. చిన్నప్పుడు చక్కెర తిని తినలేదంటే చెవులు ఎర్రబడేవి. అందుకని..." తాడు ముడి పడే చోట నాన్న వేళ్లు ఆగాయి.

అక్కడ ఆయన ఆపేసి ఉంటే బాగుండేది. ఆగిన వేళ్లను గువ్వ చూసింది. చిన్నప్పటి నుంచీ మాటలకంటే చేతుల్నే చూడటం అలవాటైన పిల్ల ఆమె.

"అందుకని?"

నాన్న వేసిన ముడిని విప్పి మళ్లీ వేశాడు.

"రెండో దారిలో ఆ రోజు..." అంది గువ్వ నెమ్మదిగా. మాటలు ఒకదాని వెనక ఒకటి, చీకట్లో మెట్లు దిగుతున్నట్టు వచ్చాయి. "రెండు తూములు దిగకుండా దాటావు. నేను వెనకాలే ఉన్నాను. నీకు తెలుసా నేను వెనక ఉన్నానని?"

"తెలుసు."

"నేను చూడాలనే దాటావా?"

"నేను ఒక్కణ్ణి ఒప్పుకుంటే ఎవరు నమ్ముతారు? ముప్పై ఏళ్లలో ఒక్క తూము వదలని మనిషి ఆ ఒక్క రోజు ఎందుకు వదిలాడని అడిగేవాళ్లు. ఇంకొకళ్లు చూశామని చెప్పాలి. అబద్ధం రాని మనిషి చెప్పాలి." నాన్న తల ఎత్తలేదు. "నువ్వు చెప్పింది నిజమే కదా గువ్వా. చూసిందే చెప్పావు. నీ తప్పేం లేదు."

షెడ్డు రేకుల మీద ఏదో పక్షి గోళ్లు గీరుకుంటూ నడిచింది. అన్నయ్య నోరు తెరుచుకుని నాన్నను చూస్తున్నాడు. ఈ సంగతి అతనికీ కొత్తే.

నీ తప్పేం లేదు అన్న మాట గువ్వకు చెంపదెబ్బలా తగిలింది. తప్పు చేసి ఉంటే బాగుండేది. చేసిన తప్పయితే తనది అవుతుంది. ఇది తనది కూడా కాదు. తన కళ్లనూ నాలుకనూ తనకు చెప్పకుండా ఎవరో అరువు తీసుకుని, పని అయ్యాక తిరిగి ఇచ్చేశారు. ఇన్ని రోజులు తండ్రిని అసహ్యించుకుంది. ఆ అసహ్యం కూడా ఆయనే దగ్గరుండి తయారుచేసి చేతికిచ్చాడు. ఆయన ప్రేమ ఎటు నుంచి వచ్చినా ఎవరో ఒకరి నడుము విరుస్తోంది.

"కొడుకుని కాపాడుకోవడానికి కూతుర్ని పలకలా తిప్పావు నాన్నా" అంది.

నాన్న ముఖం బూడిదరంగుకు తిరిగింది. అయినా కాదనలేదు.

"రేపు పది గంటలకు నేనూ వస్తాను" అంది గువ్వ. "తీగ తీసుకుని వస్తాను. ఆ బుట్ట కూడా."

"గువ్వా!" అన్నయ్య ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "నీకు దణ్ణం పెడతాను. నేను చచ్చిపోయినట్టే లెక్క. జైలుకి పోతాను, పోనీ. మీ వదిన... అది నన్ను బతకనివ్వదే. అది బతకదు."

"చెయ్యి వదులు."

"వదులు దాన్ని" అన్నాడు నాన్న కూడా. తర్వాత గువ్వ వైపు తిరిగాడు. ఆయన కళ్లలో నీళ్లు లేవు. ఎండిన తూములా లోపలిదాకా కనిపిస్తున్నాయి. "చెప్పు. నేను అడ్డం రాను. నీ నిజంతోనే నా అబద్ధాన్ని నమ్మించాను, ఇప్పుడు నిజం చెప్పకుండా ఆపే హక్కు నాకు లేదు. కానీ ఒక్క పని చెయ్యి. ఆఫీసులో చెప్పేముందు ఇంట్లో చెప్పు. సాయంత్రం మీ వదిన వస్తుంది. దాన్ని కూర్చోబెట్టి, దాని కళ్లల్లోకి చూసి, అమ్మా, నీ తమ్ముణ్ణి ఈ గతికి తెచ్చింది నీ మొగుడు అని చెప్పు. కాగితాల ముందు నిజం చెప్పడం తేలిక గువ్వా. అది ఎవరికి తగులుతుందో చూడక్కర్లేదు. మనిషి ముందు చెప్పగలవా?"

గువ్వకు వదిన కళ్లు గుర్తొచ్చాయి. ఆస్పత్రి నుంచి వచ్చి చెప్పులు కూడా విడవకుండా గడప మీద కూలబడే వదిన. ఇవాళ కాలి వేలు కదిలినట్టు అనిపించింది గువ్వా, నిజంగా, నేను చూశాను అని రోజూ ఒకే అబద్ధాన్ని తనకు తాను చెప్పుకునే వదిన. అమ్మ పోయాక ఈ ఇంట్లో గువ్వకు జడ వేసిన చేతులు ఆమెవే.

"చెప్పలేవు" అన్నాడు నాన్న. ఎత్తిపొడుపు కాదు. అలసట. "నేనూ చెప్పలేకపోయాను. అందుకే ఇదంతా."

అప్పుడే గువ్వకు వెనక నుంచి ఒక చిన్న చప్పుడు వినిపించింది. చప్పుడంటే అది చప్పుడు కూడా కాదు. చాలాసేపు బిగబట్టిన ఊపిరి వదిలినట్టు.

వంటింటి కిటికీ షెడ్డు వైపే తెరుచుకుంటుంది. కిటికీ పక్కనే పెరటి తలుపు. ఆ తలుపులో వదిన నిలబడి ఉంది. ఆస్పత్రిలో మార్చడానికి దుప్పట్లు తెమ్మని నర్సు పంపించి ఉంటుంది. మడతపెట్టిన తెల్లటి దుప్పట్లు రెండు గుండెకు ఆనించుకుని ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. కానీ ఆ దుప్పట్లను పట్టుకున్న వేళ్లు తెల్లబడి ఉన్నాయి. ఒక్క నిమిషంలో వేళ్లు అంత తెల్లబడవు.

"నువ్వెప్పుడొచ్చావు?" అన్నాడు అన్నయ్య. ప్రపంచంలో ఉన్న ప్రశ్నలన్నింటిలో అతనికి దొరికింది అదొక్కటే. "బస్సు... బస్సు దొరికిందా? తిన్నావా? నేను చెప్తాను, నువ్వు ముందు కూర్చో. ఏదో మాటల్లో... గువ్వ ఏదో అంటే..."

వదిన అతన్ని చూసింది. కోపంగా చూడలేదు. కొత్తవాళ్లు ఇంటికి వస్తే ఎవరు వీళ్లు అని చూస్తామే, అలా చూసింది. అతని మాటలు ఒక్కొక్కటే నీరుగారి ఆగిపోయాయి. తర్వాత ఆమె చూపు మావగారి మీదికి వెళ్లింది. అక్కడ కాసేపు నిలిచింది. నాన్న రెండు చేతులూ ముందుకు వచ్చాయి. జోడించడానికో, ఆపడానికో ఆయనకే తెలియనట్టు, మధ్యలోనే నిలిచిపోయాయి.

"వదినా" అంది గువ్వ.

వదిన దుప్పట్లను పెరటి అరుగు మీద పెట్టింది. పెట్టి, పైదాని అంచు కాస్త వంకరగా ఉంటే చేత్తో సరిచేసింది. వెనక్కి తిరిగి వంటింట్లోకి నడిచింది. అడుగుల చప్పుడు వంటింట్లోంచి నడవలోకి, నడవలోంచి ముందుగదిలోకి వెళ్లింది. ఎక్కడా తొట్రుపడలేదు, ఎక్కడా వేగం పెరగలేదు.

గువ్వ ఇంట్లోంచి పరిగెత్తింది. ముందుగదిలో సగం కట్టిన మూటలు దాటుకుని వీధి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి గేటు తెరిచే ఉంది.

"ఆస్పత్రికే వెళ్తుందిలే. వాడి దగ్గరికే వెళ్తుంది" అంటున్నాడు వెనక నుంచి అన్నయ్య. గువ్వకు చెబుతున్నాడో దేవుణ్ణి బతిమాలుకుంటున్నాడో తెలియదు. "కాసేపు ఏడుస్తుంది. సాయంత్రానికి వస్తుంది. ఇంకెక్కడికి పోతుంది?"

ఆస్పత్రి బస్సు ఆగేది కొండ కింద. వదిన కిందికి తిరగలేదు. ఎండ మొహాన కొడుతున్నా చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, చేతిలో సంచీ అయినా లేకుండా, ఆఫీసు ఉన్న పై దారిన కంకర మీద నడిచి వెళ్లిపోతోంది.